పగటిపూట హాలోవీన్ బాట: దయ్యాలకి డ్యూటీ లేని టైములో వెళ్లొచ్చాం

మల్లెపందిరి | ఆదివారం, 20 అక్టోబరు 2024, రాత్రి 9:10

అందరికీ నమస్తే. మేం అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రం మధ్య భాగంలో ఉంటాం. మా టౌన్‌షిప్ పార్కులో చెట్ల మధ్య ముప్పావు మైలు బాట ఒకటుంది. అక్టోబరు వస్తే దయ్యాల బొమ్మలు పెట్టి, మాస్కులవాళ్లని నిలబెట్టి దాన్ని హాలోవీన్ బాట చేసేస్తారు. శుక్ర, శనివారాల్లో రాత్రి ఏడు నుంచి టికెట్. పగలు మాత్రం మామూలు పార్కే, ఎవరైనా నడవొచ్చు.

మా పాపకి ఆరేళ్లు. క్లాసులో సగం మంది రాత్రి వెళ్లొచ్చారట, తనూ వెళ్తానని ఒకటే గొడవ. ఈమే పోయిన నెల ఒక షాపులో కళ్లు వెలిగే బొమ్మ ఒకటి కదిలిందని కెవ్వుమని అరిచి, నాలుగు రోజులు బాత్రూమ్‌కి నన్ను తోడు పిలిచింది. అందుకే ముందు పగలు చూపిద్దామనుకున్నాం. ఈరోజు మధ్యాహ్నం నేను, మా ఆయన, పాప, అమలాపురం నుంచి వచ్చిన మా అత్తయ్య కలిసి వెళ్లాం. అత్తయ్య హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆవిడ లేకపోతే ఈ పోస్టే లేదు.

మొదట్లోనే కొమ్మలతో కట్టిన పెద్ద ద్వారం. రాత్రి ఫోటోల్లో గుహలా కనిపించేది, పగలు చూస్తే తోటల్లో కలుపు రాకుండా పరిచే నల్ల గుడ్డ. జిప్ టైలతో బిగించారు, తోకలు కూడా కత్తిరించలేదు. ఆకుల కింద నుంచి నారింజ రంగు ఎక్స్‌టెన్షన్ వైరు పాములా పోతోంది. సమాధుల దగ్గర ఒక రాయి మూలని ఉడుత కొరికేసింది, లోపలంతా గులాబీ రంగు ఫోము. పాప దాన్ని వేలితో నొక్కి చూసి, "రాయి కాదు, కేకు" అంది.

కాస్త ముందుకెళ్తే చెట్టుకి పాకుతున్నట్టు కట్టిన సాలీడు అస్థిపంజరం, మనిషంత ఉంది. అత్తయ్య ఆగిపోయారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. "ఏమే, సాలీడుకి ఎముకలేమిటే? ముప్పై ఏళ్లు దానికి వెన్నెముక ఉండదని పిల్లలకి చెప్పి చెప్పి వచ్చాను!" ఆ పక్కనే కుక్క అస్థిపంజరం. దానికి ఎముకల చెవులు. ఆవిడ అక్కడే నిలబడి పాప చెవి పట్టుకుని మడిచి చూపించారు, "ఇది మెత్తగా ఉందా? ఇది మృదులాస్థి. చచ్చాక మిగలదు." ఇంక పాపకి ప్రతి బొమ్మా ఒక తప్పుల పరీక్షే.

అసలు విషయం మలుపులో ఉన్న మంత్రగత్తె. నడుమెత్తు బొమ్మ, చేతిలో చీపురు. మేం ఇంకా ముప్పై అడుగుల దూరంలో ఉండగానే దానంతట అదే పకపకా నవ్వుతోంది. అక్కడ ఎవరూ లేరు! పాప నా చున్నీలో దూరిపోయింది. వాళ్ల నాన్న వెళ్లి గౌను ఎత్తి చూపిస్తే కింద చిన్న పెట్టె. పాప భయపడుతూనే వంగి లెక్కపెట్టింది, "డబుల్ ఏ, మూడు." అంతే, లేచి నిలబడి దానివైపు వేలు చూపించి, "నీ బ్యాటరీలు చూశాను" అంది.

మా ఆయన ఒక అస్థిపంజరం భుజం మీద చెయ్యేసి, చెట్టుని కావలించుకుని ఫోటో కూడా దిగారు. దాని చుట్టూ ఎర్రటి ఆకుల తీగ, చూడ్డానికి ఎంత బాగుందో.

ఇప్పుడు ప్రశ్న. వచ్చే శనివారం రాత్రికి తీసుకెళ్లమంటారా, లేక ఈ ఏడాదికి ఇంతటితో సరిపెట్టుకోమంటారా?

---

కాకినాడ కాజా | 9:32

పగలు దయ్యాల బాటకి వెళ్లడమంటే భోజనాలయ్యాక విస్తళ్లు ఎత్తే టైముకి పెళ్లికి వెళ్లినట్టు 😀

---

మల్లెపందిరి | 9:40

కాదండీ, వంటవాళ్లున్న వైపు నుంచి వెళ్లినట్టు. కబుర్లన్నీ అక్కడే ఉంటాయి.

---

వరంగల్ వాకర్ | 9:58

అక్కా, ముందు ఒక మాట. ఆ ఎర్రాకుల తీగకు మూడు మూడు ఆకులు ఉన్నయా? నడుమ ఆకుకు కాడ కొంచెం పొడుగ్గా, తీగకు చెట్టు పట్టుకునే దగ్గర గోధుమ రంగు వెంట్రుకలు? అట్ల ఉంటే అది పాయిజన్ ఐవీ, తాకితే దురద, పొక్కులు లేస్తయి. వానకాలం ఎండకాలం పచ్చగా ఉండి, ఇప్పుడు ఎర్రగా అయితది. అందరూ ఫోటోలు దిగేది దాని దగ్గరనే. బావగారిని సబ్బుతో చేతులు మోచేతుల దాకా కడుక్కోమను. షర్టు విడిగా వేసి ఉతుకు. ఇంకా ఆలస్యం చేయకు.

ఇంకోటి, అందరి కాళ్లు, మోకాళ్ల వెనక, జుట్టులో టిక్స్ చూసిర్రా? మన పిడుదులే, కాని నువ్వుగింజంత ఉంటయి. చలి మొదలైందంటే పోతయి అనుకుంటరు గాని, జింకల మీద ఉండే ఎదిగిన టిక్స్ అక్టోబరు, నవంబరులనే మస్తు తిరుగుతయి. లైమ్ రోగం వాటితోనే. కనెక్టికట్‌లో లైమ్ అనే ఊరు పేరే దానికి పెట్టిర్రు. పట్టుకుని ఒక రోజు దాటకముందే ట్వీజర్‌తో తీసేస్తే చాలావరకు భయం లేదు. అలంకరణ చూసుకుంట బాట దిగి ఆకుల్లోకి పోతం కదా, అక్కడనే ఎక్కుతయి.

నేను ఏడేండ్ల నుంచి పెన్సిల్వేనియాల హైకింగ్ చేస్తున్న. దయ్యాలు ఏం చెయ్యలే, ఈ రెండే నన్ను తిప్పలు పెట్టినయి.

---

మల్లెపందిరి | 10:05

అయ్యో, మూడాకులే ఉన్నట్టున్నాయి. ఫోటో జూమ్ చేస్తే వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి. ఆయన్ని ఇప్పుడే స్నానానికి తోలాను. కానీ వచ్చి ఆరు గంటలైంది.

---

స్క్రూడ్రైవర్ | 10:41

మల్లెపందిరి గారూ, ఆ మంత్రగత్తె ఎందుకు నవ్విందో నేను చెప్తాను. మూడేళ్లుగా మా ఊరి పార్కులో ఇలాంటి బాటకే వాలంటీరుగా సామాను బిగిస్తున్నాను. రోజంతా కోడ్ రాసేవాడికి శనివారం స్క్రూలు బిగించడం ఒక రకమైన వైద్యం.

వాటిలో ఉండేది పీఐఆర్ సెన్సర్. మన బాత్రూముల్లో లైట్లు వెలిగించేదే. అది మనిషిని చూడదు, వేడి కదలడం చూస్తుంది. రాత్రి చల్లగా ఉన్నప్పుడు ముందు నుంచి మనిషి నడిస్తే ఆ తేడా బాగా తెలుస్తుంది. పగలు ఎండకి వేడెక్కిన కొమ్మ గాలికి ఊగినా దానికి ఒకటే. అందుకే మధ్యాహ్నమంతా ఎవరూ లేకుండానే నవ్వుతూ కూర్చుంటుంది. మేం పొద్దున్నే స్విచ్ ఆపేస్తాం. వీళ్లు మర్చిపోయినట్టున్నారు, బ్యాటరీలు శనివారం దాకా ఉంటే గొప్పే.

మీరు పగలు వెళ్లడం నాకు చాలా నచ్చింది. రాత్రి వచ్చేవాళ్లు మా పనిలో పదో వంతు చూడరు. కుళ్లిన శవంలా కనిపించేది ఏమిటనుకుంటున్నారు? చవక ప్లాస్టిక్ అస్థిపంజరానికి పల్చటి ప్లాస్టిక్ షీటు చుట్టి, హీట్ గన్‌తో వేడి చేస్తే అది ముడుచుకుని ఎండిన చర్మంలా అంటుకుంటుంది. పైన చెక్కకి వేసే గోధుమ రంగు స్టెయిన్ పూస్తాం. నిలబడ్డ దయ్యాల ముసుగులకి గోనెగుడ్డని, గోడల అతుకులకి వాడే లప్పంలో పెయింటు కలిపి ముంచుతాం. ఆరితే రాయిలా బిగుసుకుంటుంది. దాన్ని దగ్గర నుంచి చూడండి, మడతల్లో వేలిముద్రలు కనిపిస్తాయి. కొన్ని నావే.

పొగ గ్లైకాల్, నీళ్ల మిశ్రమాన్ని వేడి చేస్తే వచ్చేది. పగలు వదిలినా గాలికి పోతుంది, ఎండలో ఎవరికీ భయం వేయదు. ఈసారి మాకు పొగ కంటే నిప్పే టెన్షన్. సెప్టెంబరు చివరి నుంచి జెర్సీలో చినుకు లేదు, ఆకులు అప్పడాల్లా ఉన్నాయి. గుమ్మడికాయల్లో ఒక్క కొవ్వొత్తి కూడా పెట్టలేదు, అన్నీ ఎల్ఈడీలే.

ఈ జాగ్రత్తలు ఊరికే రాలేదండీ. 1984 మేలో ఇదే రాష్ట్రంలో, జాక్సన్‌లో ఒక పార్కులోని దయ్యాల కోట తగలబడి ఎనిమిది మంది టీనేజర్లు చనిపోయారు. లోపల గోడకున్న ఫోముకి నిప్పంటుకుంది. ఆ తర్వాతే ఇలాంటి కట్టడాలకి స్ప్రింక్లర్లు, పొగ తెలిపే అలారాలు, బయటికి దారి చూపే లైట్లు అని రూల్స్ బిగించారు. పగలు వెళ్లినప్పుడు బాట పక్కన తప్పుకునే దారులు ఎక్కడున్నాయో ఒకసారి చూసి పెట్టుకోండి. పిల్ల ఏడిస్తే మధ్యలో బయటపడటానికి కూడా అవే.

రాత్రికి తీసుకెళ్లండి. కానీ ఏడింటి మొదటి స్లాటే తీసుకోండి. గేటు దగ్గర చిన్నపిల్ల అని చెప్తే మా దగ్గరైతే మెళ్లో వెలిగే దండ వేస్తాం. అది కనిపిస్తే మాస్కులవాళ్లు మీదకి రారు. మీ దగ్గర ఆ పద్ధతి ఉందో కనుక్కోండి.

---

వేదగిరి | సోమవారం, 21 అక్టోబరు, ఉదయం 6:50

ఈ ఏడాది హాలోవీన్ రోజే, అక్టోబరు 31నే దీపావళి. ఇంట్లో దీపాలు పెట్టాల్సిన అమావాస్య రోజు పిల్లలకి దయ్యం వేషాలు వేయించి ఊరి మీదకి తోలడం ఏమిటో నాకు అర్థం కాదు. ఎవరి ఇష్టం వారిది, నాకనిపించింది చెప్పాను.

---

డబ్లిన్ బాబాయ్ | 8:15

వేదగిరి గారూ, నేను ఈ పండుగ పుట్టిన ఐర్లండ్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను కాబట్టి కాస్త చెప్పనివ్వండి. దీని అసలు పేరు సావిన్. రాయడం ఒకలా, పలకడం ఒకలా. పంటలు ఇంటికి చేరి, పశువుల్ని కొండల మీద నుంచి దింపి, చీకటి రోజుల్లోకి అడుగుపెట్టే రాత్రి. పోయినవాళ్లు ఆ రాత్రి ఇంటికి వస్తారని నమ్మకం. మనం భాద్రపదంలో మహాలయ పక్షాలు పెట్టుకోమూ?

ఇక్కడ గుమ్మడికాయ ఉండేది కాదు. టర్నిప్ దుంపలు తొలిచి దీపం పెట్టేవారు. మేయో కౌంటీ మ్యూజియంలో అలాంటి దుంప మొహానికి అచ్చు తీసి పెట్టారు, పోయిన ఏడాది చూశాను. చిన్నది, ముడతలు పడి, పళ్లు బయటపెట్టి... మీ అమెరికా గుమ్మడికాయలన్నీ కలిపినా దాని ముందు దిగదుడుపే. ఐర్లండ్ వాళ్లు వలస వెళ్లాక, అక్కడ దుంప కంటే తొలవడం తేలిక అని గుమ్మడికాయ పట్టుకున్నారు.

నాకు బాగా నచ్చిన ముక్క ఇది. 'జాక్ ఓ లాంటర్న్' అనే మాట మొదట గుమ్మడికాయకి కాదు, బురద నేలల్లో రాత్రిపూట ఎగిరినట్టు కనిపించే వెలుగుకి వాడేవారు. జాక్ అనేవాడిని స్వర్గమూ నరకమూ రెండూ రానివ్వలేదట, చేతిలో నిప్పుకణిక పట్టుకుని తిరుగుతుంటాడని కథ. మా నాయనమ్మ కొల్లేరు పక్క ఊళ్లో రాత్రి పొలం గట్టున చూశానని చెప్పేది ఏమిటి? కొరివి దయ్యం! కొరివి పట్టుకుని తిరిగే దయ్యం. రెండు దేశాల ముసలమ్మలు ఒకే వెలుగుని చూసి ఒకే కథ అల్లుకున్నారు.

---

వేదగిరి | 9:02

కొరివి దయ్యం సంగతి బావుంది. మా ఊళ్లోనూ చెప్పేవారు. అయినా నా అభిప్రాయం మారలేదు 🙂

---

కాకినాడ కాజా | 9:20

గుమ్మానికి బూడిద గుమ్మడికాయ వేలాడదీసి, దాని మీద కళ్లూ కోరమీసాలూ గీసే జాతి మనది. వాళ్లు గుమ్మం ముందు పెడతారు, మనం గుమ్మం పైన కడతాం. అంతే తేడా.

సీరియస్ డౌటు: తొలవగా వచ్చిన గుజ్జుతో పులుసు పెట్టొచ్చా?

---

వరంగల్ వాకర్ | 9:47

పెట్టకు అన్నా. తొలిచే రకం పెద్దగ పెరగాలని పెంచుతరు, లోపల పీచు, నీళ్లు. రుచి ఉండదు. 'పై పంప్కిన్' అని చిన్నవి అమ్ముతరు, అవి తీసుకో. బెల్లం, చింతపండు వేస్తే మన పులుసు లెక్కనే వస్తది. గింజలు మాత్రం ఏ కాయవైనా వేయించుకోవచ్చు.

మొన్న సద్దుల బతుకమ్మకు ఇక్కడ గుమ్మడిపువ్వు దొరకక ఎంత తిరిగిననో. ఇప్పుడు ఎక్కడ చూసినా కాయలే.

---

పిట్టగూడు | మధ్యాహ్నం 12:30

ఆ బాటలో పొదల మీద తెల్ల దూది సాలెగూళ్లు కట్టారా? కడితే దయచేసి పార్కువాళ్లకి ఒక మాట చెప్పండి. ఇంటి లోపలైతే ఫర్వాలేదు. బయట సన్నటి ఆ పోగులు చిన్న పిట్టలకి, గబ్బిలాలకి కనిపించవు, కాళ్లూ రెక్కలూ చిక్కుకుంటాయి. గింజుకున్నకొద్దీ బిగుస్తుంది. చిక్కుకున్న గుడ్లగూబల్ని విడిపించిన సందర్భాలు కూడా ఉన్నాయి. రాత్రి నడిచేవాళ్లకి ఇది కనిపించదు, పగలు మీలాంటి వాళ్లు చూసి చెప్పాల్సిందే.

---

మల్లెపందిరి | సాయంత్రం 6:15

ఉన్నాయి! పొదంతా కప్పేశారు. దాంట్లో రెండు తేనెటీగలు చిక్కి ఉంటే పాప పుల్లతో ఒకదాన్ని తీసింది. దాని పక్కనే, గజం దూరంలో, అసలు సాలీడు అసలు గూడు కట్టుకుని మధ్యలో కూర్చుంది. అత్తయ్య దాన్ని చూపించి, "ఇదిగో, దీనికి ఎముకలు లేవు చూడు, అయినా ఎంత చక్కగా ఉందో" అన్నారు. ఈరోజు ఫోన్ చేసి చెప్పాను, తీసేస్తామన్నారు.

---

హడ్సన్ గాలి | రాత్రి 8:40

పగటి షికారు నచ్చినవాళ్లకి ఇంకో చోటు. న్యూయార్క్ నగరానికి ఉత్తరాన, హడ్సన్ నది ఒడ్డున స్లీపీ హాలో. తల లేని రౌతు కథ అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ 1820లో రాసింది ఈ ఊరి మీదే. తమాషా ఏమిటంటే ఈ ఊరి పేరు నార్త్ టారీటౌన్‌గా ఉండేది. 1996లో కార్ల ఫ్యాక్టరీ మూతపడింది, అదే ఏడాది ఓటేసి కథలోని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు ఫైరింజన్ మీద కూడా తల లేని రౌతు బొమ్మే.

అక్టోబరు రాత్రుల్లో పార్కింగ్ దొరకదు. వారం మధ్యలో పొద్దున్నే వెళ్తే పాత డచ్ చర్చి, దాని వెనక శ్మశానం, ఇర్వింగ్ సమాధి అన్నీ నిదానంగా చూడొచ్చు. పక్కనే రాక్‌ఫెల్లర్ పార్కులో గుర్రబ్బండ్ల కోసం వేసిన బాటలున్నాయి, మేపుల్ చెట్లు ఈ వారం మంచి రంగులో ఉంటాయి. ఒక్కటే మాట, అది నిజం శ్మశానం. సమాధుల మీద కూర్చుని ఫోటోలు దిగకండి.

---

మల్లెపందిరి | మంగళవారం, 22 అక్టోబరు, ఉదయం 7:20

వరంగల్ వాకర్, మీరు చెప్పిందే అయింది. మా ఆయన కుడి చెయ్యి, మెడ పక్కన గీతలు గీతలుగా ఎర్రటి పొక్కులు. రాత్రంతా గోక్కున్నారు. అర్జెంట్ కేర్‌లో క్రీమ్ రాసిచ్చారు.

అత్తయ్య చూడగానే, "ఇది జీడి పొక్కినట్టుంది కదరా" అన్నారు. పుస్తకం తీసి చూస్తే నిజంగానే ఈ తీగ, మన మామిడి, జీడిమామిడి, చాకళ్లు బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి, అన్నీ ఒకే కుటుంబమట. చిన్నప్పుడు మామిడికాయలు దొంగతనంగా కోసి సొన మూతికి అంటించుకున్న మనిషే మళ్లీ ఇక్కడ అస్థిపంజరాన్ని కావలించుకుని తెచ్చుకున్నారు.

---

కాకినాడ కాజా | 7:31

దయ్యం పట్టింది అంటారు దీన్నే.

---

స్క్రూడ్రైవర్ | 8:05

అన్నగారికి సానుభూతి. ఆ చెట్టుకి అస్థిపంజరం కట్టిన వాలంటీరు చేతులు ఎలా ఉన్నాయో పాపం! మేం కట్టే ముందు చెట్లకి రిబ్బన్లు కట్టి గుర్తు పెట్టుకుంటాం, ఐవీ ఉన్నవి వదిలేస్తాం. వీలైతే పార్కువాళ్లకి ఇదీ చెప్పండి. చీకట్లో పిల్లలు అదే చెట్టుకి ఆనుకుంటారు.

---

మల్లెపందిరి | శనివారం, 26 అక్టోబరు, రాత్రి 10:25

ఇప్పుడే రాత్రి బాటకి వెళ్లొచ్చాం.

ఏడింటి స్లాటే తీసుకున్నాం. మెడలో దండ పద్ధతి ఇక్కడ లేదు కానీ, గేటు దగ్గరమ్మాయి వాకీటాకీలో "చిన్నపాప వస్తోంది" అని లోపలికి చెప్పింది. ఐవీ చెట్టు దగ్గర నుంచి అస్థిపంజరాన్ని తీసేసి, బల్ల మీద కూర్చోబెట్టారు. దూది గూళ్లు లేవు.

పాప ముందు నడుస్తూ మాకు గైడు. "ఇక్కడ వైరుంది, కాలు ఎత్తండి." "ఈ రాయి కేకు." ఫోము సమాధుల వెనక నుంచి మాస్కు వేసుకున్న హైస్కూల్ కుర్రాడు ఒకడు లేచాడు. నేను అరిచాను, ఒప్పుకుంటున్నాను. పాప ఒక అడుగు వెనక్కి వేసి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, వాణ్ని అడిగింది, "నీ బ్యాటరీలు ఎక్కడ?" వాడు నవ్వాపుకోలేక మాస్కు తీసేసి, జేబులు తిరగేసి చూపించాడు. సాలీడు అస్థిపంజరం దగ్గర అత్తయ్య మాత్రం మొహం అటు తిప్పుకుని వెళ్లిపోయారు.

కథ మంత్రగత్తె దగ్గర అడ్డం తిరిగింది. దానికోసమే వారం రోజులుగా ఎదురుచూసింది పిల్ల. ముందు నిలబడింది, చెయ్యి ఊపింది, గెంతింది. నవ్వలేదు. స్క్రూడ్రైవర్ గారు అన్నట్టే బ్యాటరీలు అయిపోయినట్టున్నాయి. పాప పెదవి వంకర తిరిగింది, అక్కడే ఏడుపు మొదలు. వెనక వస్తున్నవాళ్లు "పాపం, భయపడింది" అనుకుని ఫోన్ లైట్లు వేసి దారి చూపించారు.

ఇప్పుడు మంచం మీద పడుకుని ఒకటే పాట. రేపు పొద్దున్నే పార్కుకి వెళ్లి బ్యాటరీలు వెయ్యాలట.

---

స్క్రూడ్రైవర్ | 10:50

ఆల్కలైన్‌వి తీసుకెళ్లండి, రీచార్జబుల్‌వి వోల్టేజీ కాస్త తక్కువ, ఇలాంటి వాటిలో ఒక్కోసారి సరిగ్గా లాగవు. పార్కువాళ్లని అడిగే వెయ్యండి. మూత స్క్రూతో ఉంటుంది, చిన్న ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ కావాలి. వేశాక స్విచ్ ఆఫ్ చేసి రమ్మని పాపకి చెప్పండి, 31 దాకా ఉంటాయి.

---

మల్లెపందిరి | 10:58

స్విచ్ ఆఫ్ అన్న మాట దగ్గర ఒప్పుకోవట్లేదండీ. "ఒక్కసారి నవ్వాక" అంటోంది.